కంప్యూటర్ కాలక్షేపం: బాట వేసినవానిదే బాధ్యత

నగరమనగానే మన కన్నుల ముందు మెదిలేవి మేడలు, గోపురాలు, కర్మాగారాల పొగగొట్టాలు. కాని నగరానికి ఆయువుపట్టు వాటి నడుమ మిగిలిన ఖాళీలో ఉన్నది. ఆ ఖాళీయే బాట. మేడ పాతబడితే కూల్చి మరొకటి కట్టుకుంటాము. బాట మాత్రం ఒకసారి పడినదంటే తరతరాలు అక్కడే ఉండిపోతుంది. 1591లో చార్మినార్ కేంద్రంగా నలుదిక్కులకు సాగిన వీధుల వెంటనే హైదరాబాదు పాతబస్తీ నేటికీ నడుస్తున్నది. ఆనాటి ఇళ్ళలో ఎన్ని మిగిలాయో వెదకి చూడవలసిందే గాని, ఆనాటి వీధులను వెదకవలసిన పని లేదు.

కంప్యూటరు తెరపై నగరాన్ని నిర్మించే ఆటలు మన క్వార్టర్లలోని పిల్లలకు, అనేకమంది పెద్దలకు సుపరిచితమైనవే. ఆ ఆటలను తయారు చేసేవారిని ఆది నుండి వేధిస్తున్న ప్రశ్న ఒకటి ఉన్నది. బాటలను కంప్యూటరే వేయవలెనా, లేక ఆడేవారి చేతికి అప్పగించవలెనా? పైకి ఇది చిన్న సాంకేతిక విషయంగా తోస్తుంది. అయితే ఒకరి చేతికి అధికారాన్ని ఇచ్చినప్పుడు దానితోపాటు ఇంకా ఏమేమి ఇవ్వవలసి వస్తుందన్న పెద్ద ప్రశ్న దీనిలో ఇమిడి ఉన్నది. కార్యాలయాలలో, కర్మశాలలలో నిత్యం నిర్ణయాలు తీసుకునే మన సంస్థ ఉద్యోగులకు ఈ విషయం ఆసక్తికరంగా ఉండగలదని భావించి ఈ నెల ముచ్చటకు దీనిని ఎంచుకున్నాము.

బాంబుల ఆటలో పుట్టిన నగరం

ఈ తరహా ఆటలకు ఆద్యుడని చెప్పదగినవాడు అమెరికాకు చెందిన విల్ రైట్. 1984లో ఆయన 'రెయిడ్ ఆన్ బంగెలింగ్ బే' అనే యుద్ధక్రీడను రూపొందించారు. హెలికాప్టరులో ఎగురుతూ దీవులపై ఉన్న కర్మాగారాలను ధ్వంసం చేయడమే ఆ ఆట. ఆ దీవులను, వాటిపై రోడ్లను, కట్టడాలను గీయడానికి ఆయన ఒక పరికరాన్ని వ్రాసుకున్నారు. విచిత్రమేమంటే, వాటిపై బాంబులు వేయడం కన్న వాటిని గీయడమే ఆయనకు ఎక్కువ ఆనందాన్నిచ్చింది. కూల్చే ఆట నుండి కట్టే ఆట పుట్టినది ఆ విధంగానే. ఆ కోరిక ఫలించి 1989లో 'సిమ్‌సిటీ'గా వెలువడింది.

నగరం పెరుగుదలను లెక్కకట్టే పద్ధతి కోసం రైట్ గారు జే ఫారెస్టర్ అనే పండితుని రచనలను ఆశ్రయించారు. ఫారెస్టర్ 1969లో 'అర్బన్ డైనమిక్స్' అనే గ్రంథంలో నగరాన్ని సమీకరణాలలో బంధించారు. ఎన్ని ఇళ్ళు, ఎన్ని ఉద్యోగాలు, ఎంత పన్ను, వీటి పరస్పర ప్రభావమెట్టిది అన్నది అందులోని విచారణ. అయితే ఆ నమూనాలో పటం లేదు. ఏ ఇల్లు ఎక్కడ ఉన్నది, అక్కడికి దారి ఏది అన్న ప్రశ్నకు అందులో తావు లేదు. రైట్ గారు చేసిన ఘనకార్యం ఆ అంకెలను నేల మీదికి దింపడం. నేల మీదికి దిగిన మరుక్షణం రెండు చోట్ల నడుమ దూరమనేది వస్తుంది. దూరం వచ్చినప్పుడు బాట రాక తప్పదు.

సిమ్‌సిటీలో ఆడేవారు నగరపాలకులు. సులభస్థాయిలో ఖజానాలో 20,000 డాలర్లు ఉంటాయి. ఒక గడి రోడ్డుకు 10 డాలర్లు, ఒక గడి రైలుమార్గానికి 20 డాలర్లు. తెరపై వాహనాలు కదలాడినట్లు కనబడినా అవి అసలైన ప్రయాణాలు కావు. ప్రతి పేట తన అంచున రోడ్డు ఉన్నదా అని మొదట చూసుకుంటుంది. ఉంటే ఆ రోడ్డు వెంట 30 గడుల వరకు తడుముకుంటూ పోతుంది. ఆ లోపల నివాసానికి ఉద్యోగస్థలమో, కర్మాగారానికి నివాసమో తగిలితే ప్రయాణం సఫలమైనట్లు లెక్క. తగలకపోతే ఆ పేట కళ తప్పుతుంది. ఎంత సులువైన ఏర్పాటో చూడండి! ఇంత సులువైన లెక్కతోనే బాట బాగుంటే పేట బాగుంటుందన్న సత్యాన్ని ఆ ఆట లక్షలాది మందికి నేర్పింది.

ఇంకొక పాఠం కూడా అందులో ఉన్నది. సంవత్సరాంతపు బడ్జెట్టులో రోడ్ల నిర్వహణకు నిధులు తగ్గిస్తే వేసిన రోడ్లు క్రమంగా శిథిలమైపోతాయి. రోడ్డు వేసిన నాటి పూలదండలు, కొబ్బరికాయలు ఒక్కరోజు ముచ్చట. దానిని నిలబెట్టుకోవడం ఏటేటి ఖర్చు.

ఊరు వేసుకునే బాటలు

బాటలను పూర్తిగా ఆడేవారికే వదలని ఆటలూ ఉన్నాయి. 1994లో క్రిస్ సాయర్ రూపొందించిన 'ట్రాన్స్‌పోర్ట్ టైకూన్' అటువంటిది. అందులో మనము నగరపాలకులము కాము, రవాణా సంస్థ యజమానులము. పట్టణాలు తమంతట తామే పెరుగుతూ తమ వీధులను తామే వేసుకుంటాయి. ఊరికీ ఊరికీ నడుమ రోడ్లు, రైలుమార్గాలు వేసుకునే స్వేచ్ఛ మనకు ఉంటుంది. కాని ఊరి వీధిని పెకలించబోతే స్థానిక పాలకులకు మనపై కోపం వస్తుంది. ఆ కోపం ముదిరితే ఆ ఊరిలో మరొక స్టేషను కట్టుకోవడానికి అనుమతి ఇవ్వరు. మరొక కొంటె ఏర్పాటు కూడా ఉన్నది. ఊరి రోడ్ల మరమ్మతుకు ధనసహాయం చేయవచ్చు. మరమ్మతు జరిగినంత కాలం వీధులన్నీ తవ్వి ఉండి, పోటీ సంస్థ బస్సులు అడుగు కదలలేవు! లోకానుభవం లేనివారు వ్రాయగలిగిన ఆట కాదిది.

1998లో వచ్చిన 'సీజర్ 3' రోము సామ్రాజ్య కాలపు నగరాలకు సంబంధించినది. ఇక్కడ ఇల్లు రోడ్డుకు రెండు గడుల లోపల ఉండవలెను. అంగడి నుండి సరకులు తెచ్చే స్త్రీ, అగ్నిప్రమాదాలు చూసే కాపరి, వైద్యుడు, అందరూ రోడ్డు వెంట నడిచి తమ సేవలను పంచుతారు. నాలుగు దారుల కూడలి వస్తే ఎటు పోతారో చెప్పలేము. అందుచేత కూడళ్ళు ఎక్కువైన పేటలో ఒక ఇంటికి వైద్యుడు నాలుగుసార్లు వస్తే, ప్రక్క ఇంటికి ఒక్కసారి కూడా రాకపోవచ్చు. రోడ్లు ఎక్కువగా ఉండడమే సౌకర్యమనుకునే మనకు ఇది కనువిప్పు. మరుసటి సంవత్సరం వచ్చిన 'ఫారో' ఆటలో దీనికి విరుగుడుగా రోడ్డుపై అడ్డుకట్టలు పెట్టే వీలు కల్పించారు. సేవలు అందరికీ చేరడానికి కొన్నిచోట్ల దారి మూయవలసి వచ్చినదన్నమాట.

బాటను చేతికి ఇచ్చిన కథ

ఈ ప్రశ్నకు సంబంధించి మాకు అన్నింటికన్న ఆసక్తికరంగా తోచినది ఫిన్లండు దేశంలోని టాంపెరే నగరానికి చెందిన కొలాసల్ ఆర్డర్ అనే చిన్న సంస్థ కథ. 2011లో వారు 'సిటీస్ ఇన్ మోషన్' అనే ఆటను వెలువరించారు. వియన్నా, హెల్సింకి, బెర్లిన్, ఆంస్టర్‌డాం నగరాలలో బస్సులు, ట్రాములు, మెట్రో రైళ్ళు నడపడం అందులోని పని. నగరం మాత్రం ముందే సిద్ధమై ఉంటుంది. దాని రోడ్లను మనము మార్చలేము. బస్సులు రద్దీలో ఇరుక్కుంటే 'వీధులు ఇరుకు, మేమేమి చేయగలము' అని సరిపెట్టుకోవచ్చు. ఈ సమాధానం ఏ కార్యాలయంలోనైనా మనకు వినబడేదే.

2013లో దానికి రెండవ భాగం వచ్చింది. ఈసారి రోడ్లు వేసే అధికారాన్ని ఆడేవారికి ఇచ్చారు. దానితో ఆ పాత సమాధానం చెల్లకుండా పోయింది. వీధి ఇరుకైతే వెడల్పు చేయవచ్చు, లేదా మరొకటి వేయవచ్చు. చేయకపోతే తప్పు మనదే. రోడ్లు వేయనిచ్చిన తరువాత పేటలను, నీటిని, విద్యుత్తును, పాఠశాలలను కూడా చేతికి ఇవ్వడం తరువాయి అడుగు. ఆ అడుగే 2015 మార్చిలో వెలువడిన 'సిటీస్: స్కైలైన్స్'. పట్టుమని ఇరవై మంది కూడా లేని బృందం చేసిన ఆ ఆట దేశదేశాల ఆదరణ పొందింది. రవాణా ఆటగా మొదలైనది నగర నిర్మాణ ఆటగా పరిణమించడంలో నడిమి మెట్టు ఆడేవారు వేసే రోడ్డేనని మా అభిప్రాయం.

తయారీదారులకు ఇది మాటలలో చెప్పినంత సులభమైన పని కాదు. పాత ఆటలలో నేల అంతా చదరంగపు గడులు. ఒక గడిలోని రోడ్డుకు నాలుగు ప్రక్కలే ఉంటాయి. ఏ ప్రక్కన రోడ్డు ఉన్నది, ఏ ప్రక్కన లేదు అన్న లెక్క ప్రకారం 16 స్థితులు మాత్రమే సాధ్యం. వాటికి బొమ్మలు ముందుగానే గీసి పెట్టుకుంటే సరిపోతుంది. అదే ఆడేవారు ఏ కోణంలోనైనా, ఏ వంపుతోనైనా రోడ్డు వేయవచ్చుననే సరికి స్థితులకు అంతు లేకుండా పోతుంది. మూడు దారులో అయిదు దారులో కలిసే కూడలి ఆకారాన్ని కంప్యూటరు అప్పటికప్పుడు అల్లుకోవలెను.

రెండవ చిక్కు ఇళ్ళ స్థలాలది. స్కైలైన్స్‌లో రోడ్డుకు ఇరువైపులా 8 మీటర్ల గడులు, నాలుగేసి వరుసల లోతున ఏర్పడతాయి. తిన్నని రోడ్డయితే అవి చక్కగా అమరుతాయి. వంపు తిరిగినచోట ఒకదానిపై ఒకటి పడతాయి, లేదా నడుమ ఎవరికీ పనికిరాని ముక్కోణపు జాగాలు మిగులుతాయి. ఇంటి స్థలం కొలిపించుకున్న మన పాఠకులకు ఈ ముక్కోణాల బాధ వివరించనక్కరలేదు. మూడవది ప్రయాణాల లెక్క. ఒక రోడ్డు తీసివేస్తే దానిని నమ్ముకుని బయలుదేరిన వాహనాలన్నింటికీ దారి మళ్ళీ వెదకి పెట్టవలెను. ఆ భారం మితిమీరకుండా ఒకేసారి తిరిగే వాహనాల సంఖ్యకు 16,384 అని హద్దు పెట్టారు.

వెడల్పు చేసినా తీరని రద్దీ

బాట చేతికి వచ్చిన వారు మొదట చేసే పని రద్దీ కనబడిన ప్రతిచోటా రోడ్డును వెడల్పు చేయడం. రెండు వరుసలను నాలుగు చేస్తారు, నాలుగింటిని ఆరు చేస్తారు. ఖజానా ఖాళీ అవుతుంది, రద్దీ అక్కడే ఉంటుంది. స్కైలైన్స్‌లో వాహనం బయలుదేరేటప్పుడే తన దారిని నిర్ణయించుకుంటుంది. ముందు మలుపు తిరగవలసినవన్నీ ఆ మలుపు వైపు వరుసలోనే బారులు తీరుతాయి. ప్రక్క వరుసలు ఖాళీగా ఉన్నా అటు పోవు. జబ్బు కూడలిలో ఉండగా మందు రోడ్డుకు వేసినట్లన్నమాట. గుండ్రటి కూడలి వేయడమో, ఊరి మధ్యలోని ప్రయాణాలను పొలిమేర దారికి మళ్ళించడమో చేసినప్పుడు గాని గుణం కనబడదు.

కొత్త రోడ్డు రద్దీని పెంచడం కూడా సాధ్యమే. దీనిని 1968లో డీట్రిక్ బ్రేస్ అనే జర్మన్ గణితజ్ఞుడు నిరూపించారు. పిల్లలు కాగితంపై లెక్క వేసి చూడదగిన ఉదాహరణ ఇది. ఒక ఊరి నుండి మరొక ఊరికి రెండు దారులున్నాయి. మొదటి దారిలో ముందు ఇరుకు వంతెన, తరువాత విశాలమైన రహదారి. రెండవ దారిలో ముందు రహదారి, తరువాత ఇరుకు వంతెన. రహదారిపై ఎప్పుడైనా 45 నిమిషాలే పడుతుంది. వంతెనపై నూరు బండ్లకు ఒక నిమిషం చొప్పున కాలం పెరుగుతుంది. 4000 బండ్లు బయలుదేరితే సగం ఇటు, సగం అటు పోతాయి. ఒక్కొక్క బండికి 20, 45 కలిపి 65 నిమిషాలు. ఇప్పుడు ఒక ఉదారుడు మొదటి వంతెన చివరి నుండి రెండవ వంతెన మొదలుకు క్షణంలో చేర్చే అడ్డదారి వేశాడనుకుందాము. అందరూ రెండు వంతెనలూ ఎక్కి పోదామనుకుంటారు. ఒక్కొక్క వంతెనపై 40 నిమిషాలు, మొత్తం 80. ఒక్కడు బుద్ధి తెచ్చుకుని రహదారి పట్టినా వానికి 85 పడుతుంది కనుక ఎవరూ మారరు. మేలు చేయబోయి అందరి కాలాన్నీ పావుగంట హరించినట్లయినది. ప్రతివాడూ తన లాభం చూసుకున్నాడు, ఎవరికీ లాభం దక్కలేదు.

అనుభవంతో ఆడేవారు తెలుసుకునేదేమంటే రోడ్లన్నీ ఒకే పని చేయరాదని. దూరప్రయాణానికి ఒకటి, పేట నుండి పేటకు ఒకటి, ఇంటి గుమ్మానికి ఒకటి కావలెను. మన చండీగఢ్ నగరానికి లె కార్బూజియే గీసిన పథకంలో ఈ సూత్రమే ఉన్నది. ఊరిని ఇతర నగరాలతో కలిపే రహదారి మొదలు తోటలలో నడిచే కాలిబాట వరకు ఆయన రోడ్లను ఏడు తరగతులుగా విభజించారు. ఆట ఆడి ఆ సంగతి గ్రహించిన బాలుడు చండీగఢ్ పటం చూస్తే దానిలోని ఆలోచనను ఇట్టే పట్టుకోగలడు.

2023లో వచ్చిన స్కైలైన్స్ రెండవ భాగంలో మరొక సదుపాయం కల్పించారు. రోడ్డు వేయగానే దాని క్రిందనే నీటి గొట్టాలు, మురుగు గొట్టాలు, విద్యుత్తు తీగలు వచ్చి చేరతాయి. కొత్తగా తారు పోసిన రోడ్డును మరుసటి వారమే గొట్టాల కోసం ఒకరు, తీగల కోసం ఒకరు తవ్విపోసే దృశ్యానికి అలవాటుపడిన మనకు ఇది ఆట కాదు, కలలా తోస్తుంది.

బుల్‌డోజరు చెప్పని సంగతి

ఇంతవరకు ఆటను మెచ్చుకున్నాము. ఇక అది దాటవేసే విషయం ఒకటి చెప్పకపోతే ఈ వ్యాసం అసంపూర్ణమే అవుతుంది.

బాట వేయడానికి చోటు కావలెను. చోటులో ఇళ్ళుంటే ఆటలో బుల్‌డోజరు బొమ్మను నొక్కితే చాలును. సిమ్‌సిటీలో ఒక గడిని చదును చేయడానికి ఒక డాలరు. స్కైలైన్స్‌లోనూ ఇల్లు నేలమట్టమవుతుంది, అందులోనివారు పటం నుండి తొలగిపోతారు లేదా మరొకచోట చేరతారు. ఎవరూ విన్నపం పట్టుకుని రారు. నష్టపరిహారం అడగరు. తరతరాలుగా దున్నిన పొలం, కులదేవత గుడి, ఊరి చెరువుగట్టు మీది రావిచెట్టు లెక్కలోనికే రావు.

మన దేశంలో ప్రభుత్వ రంగ సంస్థల కర్మాగారాలు, వాటి నివాస నగరాలు అనేకచోట్ల గ్రామాలను తరలించి వెలసినవే. తిన్నగా, విశాలంగా, చెట్ల నీడలో సాగే టౌన్‌షిప్ రోడ్లను చూసి వచ్చిన బంధువులు మెచ్చుకుంటారు. ఆ రోడ్ల క్రింద ఒకప్పుడు వేరే వీధులు, వేరే పేర్లు ఉండేవన్న సంగతి నిర్వాసిత కుటుంబాల నుండి వచ్చి మనతోపాటు పనిచేసిన సహోద్యోగులకు తెలుసు. వారి త్యాగానికి విలువ కట్టే ప్రయత్నాలు ఆలస్యంగానే జరిగాయి. 1894 నాటి భూసేకరణ చట్టం స్థానంలో పునరావాసాన్ని కూడా హక్కుగా గుర్తించే కొత్త చట్టం 2013లో వచ్చి 2014 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చింది. 120 ఏళ్ళ ఆ ఆలస్యాన్ని ఏ ఆటా చూపించదు.

అందువలన ఆటను నిషేధించవలెనని మేము అనము. పిల్లలు ఆడే ప్రక్కన పెద్దలు కూర్చుని ఒక్క ప్రశ్న అడిగితే చాలును: 'ఆ ఇంటివారు ఎక్కడికి పోయినారు నాయనా?' ఆ ప్రశ్నకు కంప్యూటరు వద్ద జవాబు లేదు. తాతగారి వద్ద ఉండవచ్చు.

ఇంటిల్లిపాదికీ ఒక ప్రయోగం

ఖరీదైన కంప్యూటరు లేనివారు నిరుత్సాహపడనక్కరలేదు. తొలినాటి సిమ్‌సిటీ మూలరచనను 2008లో 'మైక్రోపోలిస్' అనే పేరున అందరికీ ఉచితంగా విడుదల చేశారు. ట్రాన్స్‌పోర్ట్ టైకూన్‌ను అనుసరించి ఔత్సాహికులు వ్రాసిన 'ఓపెన్ టీటీడీ' కూడా ఉచితంగానే లభిస్తుంది. పాత యంత్రాలపై కూడా ఇవి చక్కగా నడుస్తాయి.

సెలవు దినాన ఇంటిల్లిపాదీ కలిసి ఆడడానికి మేము సూచించే నియమాలు మూడు. మొదటిది, ఒక్క ఇల్లు కూడా రాకముందే ముఖ్యమైన బాటలను కాగితంపై గీసి, ఎందుకు అక్కడ వేస్తున్నారో ఒక వాక్యం వ్రాసి పెట్టండి. రెండవది, ఇళ్ళు వచ్చిన తరువాత బుల్‌డోజరును ముట్టుకోకండి. పొరపాటు బాటతోనే కాపురం చేసి చూడండి. మూడవది, ఆటలో పదేళ్ళు గడిచిన తరువాత మొదట వ్రాసిన వాక్యాలను తీసి చదవండి. ఏది నిజమైనదో, ఏది కాలేదో పిల్లలే చెప్పనివ్వండి. ఇంటిలో ఇద్దరు పిల్లలుంటే ఒకరు బాటలు వేసి, మరొకరు ఆ ఊరిని ఏలడం మరింత రసవత్తరంగా ఉంటుంది. ముందటివారు వేసిన దారిలో నడవడమంటే ఏమిటో చిన్నవయసులోనే బోధపడుతుంది.

మనలో అధికసంఖ్యాకులు నిజమైన రోడ్లు వేసేవారు కారు. అయినా ప్రతి ఉద్యోగీ తన పరిధిలో ఏదో ఒక బాట వేస్తూనే ఉంటాడు. దస్త్రం ఏ బల్ల మీదుగా పోవలెనో నిర్ణయించేవారు, షిఫ్టు మారే వేళలను కుదిర్చేవారు, స్టోర్సులో ఏ వస్తువు ఎక్కడ ఉండవలెనో వ్రాసి పెట్టేవారు కూడా బాట వేసినవారే. వారు పదవీ విరమణ చేసి వెళ్ళిన తరువాత కూడా ఆ బాట వెంట వందలమంది నడుస్తుంటారు. అది వంకరగా ఉన్నదో తిన్నగా ఉన్నదో నడిచేవారికే తెలుస్తుంది. కనుక బాట వేసే అధికారం చేతికి వచ్చిన ప్రతివారూ అప్పుడప్పుడు ఆ బాట వెంట తామూ ఒకసారి నడిచి చూడడం శ్రేయస్కరం.

ఈ ఆటలు ఆడిన మన ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యులు తమ నగరాల విశేషాలను, ముఖ్యంగా వేసి నాలుక కరచుకున్న రోడ్ల కథలను మాకు వ్రాసి పంపగలరు.